షెడ్డులో నిలిచిన అంబాసిడరు

పెద్దల నాటి అంబాసిడరు కారు మన ప్రాంతమున ఇంకను కొందరి ఇండ్ల పెరళ్ళలో, రేకుల షెడ్డు క్రింద, ధూళి కప్పుకొని నిలిచియున్నది. అమ్ముటకు మనసొప్పదు, నడుపుటకు ధైర్యము చాలదు. ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి కారును అనుసరించి, పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారా కర్మాగారమున 1958 ప్రాంతమున ప్రారంభమైన దీని తయారీ 2014లో ఆగిపోయినది. కాని లక్షల బండ్లు దేశమంతట తిరిగినందున విడిభాగములకు నేటికిని పెద్ద కరవు లేదు. విజయవాడ ఆటోనగరు వంటి చోట, దొరకని చిన్న భాగమును లేతు మీద చేసి యిచ్చు పనివారును కలరు. కనుక సామాన్య గృహస్థుడు సైతము ఇట్టి బండిని తిరిగి రోడ్డెక్కింపవచ్చును. డబ్బు దేనికి ముందు, దేనికి వెనుక అన్నదే చిక్కు.

మా నాయనగారు 1968లో కొన్న మార్క్ 2 బండి నా చేతికి వచ్చినప్పుడు నేను మొట్టమొదట చేసిన పని రంగు వేయించుట. చూచినవారందరు మెచ్చుకొనిరి. మూడు నెలల పిమ్మట చక్రము మార్చుటకు జాకీ ఎత్తితిని. బండి లేవలేదు, జాకీయే రేకులోనికి దిగబడినది. క్రొత్త రంగు క్రింద పుట్టీ, పుట్టీ క్రింద తుప్పు! రంగునకు పెట్టిన సొమ్మంతయు వెల్డింగు మంటలో మాడిపోయినది.

ఈ కారునకు లారీకి వలె వేరుగా ఛాసిస్ లేదు. నేలరేకు, కప్పు, తలుపుల క్రింద పొడవుగా సాగిన రేకు పెట్టెలు, ఇవన్నియు కలిసి బరువును మోయుచున్నవి. ఆ పెట్టెలలో నీరు నిలిచి లోపలినుండి తినివేయును, పైకి తెలియదు. పరీక్ష కష్టము కాదు. చిన్న అయస్కాంతమును గుడ్డలో చుట్టి రేకు వెంట జరుపుడు. అది పట్టు వదలిన చోట ఉన్నది రేకు కాదు, పుట్టీ. అనుమానపు చోట స్క్రూడ్రైవరు మొనతో గట్టిగా పొడిచి చూడుడు. కోసి అతుకవలసి వచ్చినచో తలుపులు తీయకుండ, ఒక ప్రక్క ముగించిన తరువాతనే రెండవ ప్రక్క ముట్టవలెను. లేనిచో బండి నడుము వంగి తలుపులు మరల పడవు. వెల్డింగునకు ముందు బ్యాటరీ తీగలు విప్పుట, పెట్రోలు ట్యాంకును దింపి దూరముగా ఉంచుట మరువరాదు.

తరువాత బ్రేకులు. నాటి బండికి నాలుగు చక్రములకును డ్రమ్ము బ్రేకులే. నాలుగింటికి కలిపి ఒకటే మాస్టరు సిలిండరు. ఎక్కడ ఒక్క గొట్టము కారినను పెడలు నేలనంటును, నాలుగు చక్రములును ఒక్కసారి వదలివేయును. ఏండ్లు నిలిచిన బండిలో రబ్బరు గొట్టములు లోపల వాచి దారి మూసికొనును. అట్టి గొట్టమున్నచో కాలు తీసినను బ్రేకు వదలదు. కావున గొట్టములు, రబ్బరు వాషర్లు అన్నిటిని, బాగున్నట్లు కనబడినను, మార్చవలసినదే. ఇందు పొదుపు కూడదు. మనమందరము బ్రేకు ఆయిలు అందుము గాని అది నూనె కాదు. అందులో ఇంజను ఆయిలు కొంచెము కలిసినను రబ్బరు ఉబ్బి చెడును. అది గాలిలోని తేమను పీల్చుకొను ద్రవము గనుక మూత తీసి దాచినది వాడరాదు. మరొక మాట. పాత బ్రేకు లైనింగులలో ఆస్బెస్టాసు అను రాతినార ఉండుట కద్దు. డ్రమ్ము విప్పి ధూళిని నోటితో ఊదుట మన మెకానికుల అలవాటు. అది ఊపిరితిత్తులకు ముప్పు. తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను పారవేయుడు.

ఇంజను సంగతి విచిత్రము. అందరు భయపడునది దానికే గాని ఓర్పుగా చూచిన అది సాధారణముగా మాట వినును. బ్యాటరీ తెచ్చి వెంటనే స్టార్టరు త్రిప్పవద్దు. ప్లగ్గులు తీసి సిలిండర్లలో కొంచెము పలుచని నూనె పోసి, నాలుగు దినములు ఆగి, ముందున్న హేండిలుతో చేతితోనే మెల్లగా త్రిప్పుడు. మన దేశమున సీసము కలిపిన పెట్రోలు 2000లో నిలిచిపోయినది. ఇప్పటి పెట్రోలులో ఇథనాలు కలియుచున్నది. అది పాత రబ్బరును మెత్తబరచును గనుక పెట్రోలు గొట్టములను, పంపులోని పొరను ఇథనాలుకు తట్టుకొను రకముతో మార్చవలెను. ఎప్పుడైన హెడ్డు విప్పవలసి వచ్చినచో వాల్వులకు గట్టి సీట్లు వేయించుట మంచిది. పని నెపముగా విప్పినప్పుడే ఖర్చు తక్కువ.

ఇక ఆధునికత. నాటి డైనమో ఇంజను నెమ్మదిగా తిరుగునప్పుడు విద్యుత్తును దాదాపు ఇయ్యదు. ఆల్టర్నేటరు పెట్టిన రాత్రి ప్రయాణమునకు నిశ్చింత. అయితే ఆ కాలపు బండ్లు కొన్నింటిలో బ్యాటరీ ధన ధ్రువము దేహమునకు తగిలియుండును. అది చూడక తగిలించిన ఆల్టర్నేటరులోని డయోడ్లు క్షణములో కాలును. దీపముల విద్యుత్తును పాత స్విచ్చిగుండ గాక రిలేగుండ పంపిన, బల్బు మార్చకయే వెలుతురు హెచ్చును. ఖర్చు స్వల్పము, ఫలము అధికము. బెజవాడ ఎండలో ఏసీ కోరువారిని నేను తప్పు పట్టను గాని, రేడియేటరు శుభ్రపడక ముందు ఆ ఊహ వద్దు.

డీజిలు ఇంజను ఎక్కింపుమని సలహా ఇచ్చువారు ప్రతి షెడ్డులో ఉందురు. ఆర్.సీ. పుస్తకములోని వివరములు మారునట్టి మార్పునకు రవాణా శాఖ అనుమతి ముందుగా కావలెను. అంతకన్న పెద్ద మాట, 2021లో కేంద్ర ప్రభుత్వము ఏబది ఏండ్లు దాటిన కార్లకు వింటేజి రిజిస్ట్రేషను నియమములు చేసినది. ఛాసిస్, దేహము, ఇంజను వీనిలో గణనీయమైన మార్పు జరిగిన బండికి ఆ గౌరవము లేదు. ఆ రిజిస్ట్రేషను పొందిన బండి నిత్యము తిరుగుటకును పనికిరాదు. కనుక మీకు కావలసినది ప్రదర్శనకా, ప్రయాణమునకా ముందే తేల్చుకొనుడు. నేను ప్రయాణమే కోరితిని. అయినను తీసిన డైనమోను, స్విచ్చిని గ్రీజు పూసి డబ్బాలో దాచితిని; మా పిల్లలు వేరొక విధముగా తలచిన, రెంచితో ఒక పూటలో తిరిగి బిగింపవచ్చును.

విప్పుట, తుప్పు గీకుట, కడుగుట, చీటీలు కట్టుట ఇంటివారు చేసికొనవచ్చును. ప్రతి దశను ఫోనుతో ఫొటో తీసిన బిగించునప్పుడు తగవుండదు. వెల్డింగు, సిలిండరు బోరింగు, బ్రేకుల చివరి తనిఖీ పనివారివి. ముందు సీట్లకు బెల్టులు వేయించునప్పుడు పలుచని రేకునకు బోల్టు కొట్టనీయక వెనుక మందపు ప్లేటు పెట్టింపుడు.

మా బండికి రంగు రెండవమారు వేయించుట ఇంకను కాలేదు. తలుపుల క్రింద వెల్డింగు మచ్చలు కనబడుచునే యున్నవి. బ్రేకు ఆయిలు మార్చిన తేదీని మాత్రము బానెట్టు లోపలివైపున తెల్ల రంగుతో వ్రాసి యుంచితిని. రెండేండ్లకొకమారు ఆ తేదీ మారవలెను.