'తాక్' పైకప్పు, 'తక్' కృతజ్ఞత: స్వీడిష్ భాషకు తెలుగు చెవితో ఒక దారి

పాతకాలం కరెంటు బల్బులో వెలిగే తీగ టంగ్‌స్టన్ అని బడిలో చదువుకున్నాం. ఆ పేరు స్వీడిష్ భాషది. 'తుంగ్' అంటే బరువైన, 'స్తేన్' అంటే రాయి. 1781లో స్వీడన్ రసాయన శాస్త్రవేత్త కార్ల్ విల్‌హెల్మ్ షీలే ఈ 'బరువు రాయి' అనే ఖనిజం నుంచి ఒక కొత్త ఆమ్లాన్ని రాబట్టాడు. ఖనిజం పేరు ఇంగ్లీషులో లోహానికి స్థిరపడింది. తమాషా ఏమిటంటే, స్వీడన్ వాళ్లు మాత్రం ఆ లోహాన్ని 'వోల్‌ఫ్రామ్' అంటారు. ఆవర్తన పట్టికలో దాని గుర్తు 'డబ్ల్యూ' కావడానికి కారణం ఆ పేరే.

ఇట్రియం, ఇటర్బియం, టెర్బియం, ఎర్బియం అనే నాలుగు మూలకాలకూ స్టాక్‌హోమ్ సమీపంలోని ఇత్తెర్‌బీ అనే ఊరి పేరు మీదుగానే పేర్లు వచ్చాయి. ఆ ఊరి పేరుకు అర్థం 'బయటి పల్లె'. మోటారు, పెడల్ అనే మాటల ముక్కలు కలిపి 'మోపెడ్' అనే పదాన్ని 1952లో తయారుచేసిందీ స్వీడన్‌లోనే. బ్యాంకు మీద ఫిర్యాదు చేసేవారు వినే 'అంబుడ్స్‌మన్' కూడా స్వీడిష్ మాటే.

ఇలా తెలియకుండానే కొన్ని స్వీడిష్ మాటలు మన నోట్లో ఉన్నాయి. సుమారు కోటి మంది మాట్లాడే ఈ భాషతో తెలుగువారికి ఇప్పుడు నేరుగా పని పడుతోంది. చదువుకో, సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికో, పరిశోధనకో స్టాక్‌హోమ్, గోథెన్‌బర్గ్, లుండ్ నగరాలకు వెళ్లేవారు ఉన్నారు. అక్కడ ఇంగ్లీషు దాదాపు అందరికీ వస్తుంది. స్వీడిష్‌లో ఒక వాక్యం తడబడితే చాలు, ఎదుటివారు మర్యాదకొద్దీ ఇంగ్లీషులోకి మారిపోతారు. ఈ మర్యాదే నేర్చుకునేవారికి అడ్డు గోడ అవుతుంది. ఏళ్లు గడిచినా పక్క బల్లమీది కబుర్లు అర్థం కావు. ఆ గోడ దాటాలంటే నిఘంటువు ఒక్కటే సరిపోదు. ఆ భాష ఎలా వినిపిస్తుందో, ఏ అలవాట్ల మధ్య పెరిగిందో కూడా తెలియాలి.

నాలుకకు ముందే తెలిసిన శబ్దాలు

మొదటి శుభవార్త ఉచ్చారణలో ఉంది. ఇంగ్లీషు 't', 'd' అక్షరాలను మనం ట, డ లుగా పలుకుతాం. స్వీడిష్‌లో అవే అక్షరాలు త, ద లకు దగ్గరగా ఉంటాయి. నాలుక కొన పళ్లను తాకుతుంది. అందుకే కృతజ్ఞత చెప్పే మాట 'టాక్' కాదు, 'తక్'.

మరి ట, డ, ణ లు అక్కడ లేవా అంటే, ఉన్నాయి. స్టాక్‌హోమ్ సహా దేశంలో చాలా ప్రాంతాల్లో 'ర్' తర్వాత త, ద, న వస్తే రెండూ కలిసిపోయి మూర్ధన్య శబ్దం పుడుతుంది. నాలుక కొన వెనక్కి మళ్లుతుంది. 'బూద్' అంటే చిన్న కొట్టు, 'బూడ్' అంటే బల్ల. 'బాన్' అంటే దారి లేదా పట్టా, 'బాణ్' అంటే బిడ్డ. రాతలో 'ర్' కనిపిస్తుంది, మాటలో అది ణ లోనో డ లోనో కరిగిపోతుంది. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారికి ఈ తేడా పట్టుకోవడం కష్టం. 'పాత', 'పాట' అనే మాటలను చిన్నప్పుడే వేరుచేసిన చెవికి ఇది సులువు. దక్షిణాన స్కోనె ప్రాంతంలో 'ర్' గొంతులో పలుకుతుంది కాబట్టి అక్కడ ఈ కలయిక జరగదు.

హ్రస్వ దీర్ఘాల సంగతీ అంతే. 'కలం', 'కాలం' మధ్య తేడా తెలిసినవారికి 'తక్', 'తాక్' మధ్య తేడా చెప్పనక్కర్లేదు. మొదటిది కృతజ్ఞత, రెండోది ఇంటి పైకప్పు. 'గ్లాస్' అంటే గాజు, 'గ్లస్' అంటే ఐస్‌క్రీమ్. రాతలో హల్లు రెండుసార్లు కనిపిస్తే దాని ముందు అచ్చు పొట్టిదని సాధారణ గుర్తు.

కొత్తగా సాధన చేయాల్సినవి కొన్ని అచ్చులు. 'ఈ' అంటూనే పెదవులను 'ఊ' కోసం చుట్టినట్లు చుడితే వచ్చే శబ్దం వాటిలో ఒకటి. అద్దం ముందు నిలబడి నేర్చుకోవాల్సిన పాఠం అది.

ఒకే అక్షరాలు, రెండు రాగాలు

స్వీడిష్ పాడినట్టు ఉంటుందని మొదటిసారి విన్నవారు అంటుంటారు. దీని వెనుక భౌతికశాస్త్రం ఉంది. స్వరతంతువులు సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తాయో దాన్నిబట్టి గొంతు స్థాయి ఏర్పడుతుంది. తంతువులు బిగుసుకుంటే స్థాయి పెరుగుతుంది, సడలితే తగ్గుతుంది. తెలుగులో ప్రశ్న అడిగేటప్పుడో, ఆశ్చర్యపడేటప్పుడో ఈ స్థాయిని మారుస్తాం. మాట అర్థం మాత్రం మారదు. స్వీడిష్‌లో కొన్నిచోట్ల మారుతుంది.

'అందెన్' అనే మాట తీసుకోండి. ఒక రాగంలో పలికితే 'ఆ బాతు', మరో రాగంలో పలికితే 'ఆ ఆత్మ'. 'తొమ్తెన్' అంటే ఒక రాగంలో ఇంటి స్థలం, ఇంకో రాగంలో క్రిస్మస్ తాత. స్టాక్‌హోమ్ మాటతీరులో గొంతు స్థాయిని గ్రాఫ్‌గా గీస్తే మొదటి రాగంలో ఒక శిఖరం, రెండో రాగంలో రెండు శిఖరాలు కనిపిస్తాయి. మన దేశంలో పంజాబీ, మిజో, మణిపురి భాషల్లోనూ స్వరస్థాయి అర్థాన్ని మారుస్తుంది.

మెదడు ఈ రాగాన్ని వాడుకునే తీరు ఇంకా ఆసక్తికరం. స్వీడిష్‌లో 'ఆ' అనే నిర్దేశం మాట చివర ప్రత్యయంగా చేరుతుంది. 'హత్' అంటే టోపీ, 'హత్తెన్' అంటే ఆ టోపీ, 'హత్తర్' అంటే టోపీలు. హత్తెన్‌కు ఒక రాగం, హత్తర్‌కు మరో రాగం. లుండ్ విశ్వవిద్యాలయంలో మికాయెల్ రూల్, మెర్లె హోర్న్, వారి సహచరులు మెదడు విద్యుత్ సంకేతాలను కొలిచే ఈఈజీ పరికరంతో ప్రయోగాలు చేశారు. మాట మొదటి భాగం రాగం చెవిన పడగానే, రాబోయే ప్రత్యయం ఏదో స్వీడిష్ శ్రోత మెదడు ముందే అంచనా వేస్తోందని తేలింది. రాగం ఒకటై ప్రత్యయం మరొకటైతే అర్థం చేసుకోవడానికి ఎక్కువ సమయం పడుతుంది.

అలాగని రాగం తప్పితే సంభాషణ ఆగిపోదు. ఫిన్లాండ్‌లో మాట్లాడే స్వీడిష్‌లో చాలావరకు ఈ రెండు రాగాల తేడా లేనే లేదు. అయినా ఇరువైపులవారూ ఒకరినొకరు అర్థం చేసుకుంటారు. కొత్తగా నేర్చుకునేవారు దీన్ని చూసి భయపడనక్కర్లేదు. మాటలను విడివిడిగా బట్టీపట్టకుండా ప్రత్యయాలతో సహా, వినిపించిన రాగంతో సహా గుర్తుపెట్టుకుంటే మేలు.

అమ్మకు అమ్మ, నాయనకు అమ్మ

ఇంగ్లీషులో అమ్మమ్మ, నాయనమ్మ ఇద్దరూ గ్రాండ్ మదరే. స్వీడిష్‌లో 'ముర్' అంటే తల్లి, 'ఫర్' అంటే తండ్రి. అమ్మమ్మ 'ముర్‌ముర్', నాయనమ్మ 'ఫర్‌ముర్'. రెండు భాషల్లోనూ లెక్క ఒక్కటే. తాతయ్యల విషయంలో స్వీడిష్ మనకన్నా ఒక అడుగు ముందుంది. అమ్మ తండ్రి 'ముర్‌ఫర్', నాన్న తండ్రి 'ఫర్‌ఫర్'. మేనత్తకూ, అమ్మ తోబుట్టువుకూ వేర్వేరు మాటలున్నాయి. పెద్దమ్మ, పిన్ని తేడా మాత్రం లేదు. బావ, మరదలు, అన్న, చెల్లెలు వరసలన్నీ 'కుసీన్' అనే ఒక్క మాటలో ఇమిడిపోతాయి.

మాటలను ఇలా అతికించుకుంటూ పోవడం ఈ భాష స్వభావం. అతుకు దగ్గర ఖాళీ వదిలితే అర్థం తారుమారవుతుంది. 'నర్సు' అనే మాటను కలిపి రాయాలి. మధ్యలో ఖాళీ పెడితే 'జబ్బుపడ్డ సంరక్షకురాలు' అవుతుంది. 'పొగతాగరాదు' అనే బోర్డులో మాట విడిపోతే 'స్వేచ్ఛగా పొగతాగండి' అని అర్థం వస్తుంది.

'మీరు' వెనక్కి తగ్గిన కాలం

ఒకప్పుడు స్వీడన్‌లో ఎదుటివారిని పిలవడం పెద్ద చిక్కు. పెద్ద హోదావారిని బిరుదుతో, ప్రథమపురుషలో సంబోధించాలి. డాక్టరుతోనే మాట్లాడుతూ 'డాక్టరుగారు కాఫీ తీసుకుంటారా' అని మూడో మనిషిని అడిగినట్టు అడగాలి. 'నీ' అనే మర్యాద సర్వనామం ఉన్నా, హోదా ఉన్నవారితో అలా అంటే తక్కువ చేసినట్లు భావించేవారు.

1960ల చివర్లో ఇది వేగంగా మారింది. 1967లో జాతీయ వైద్య మండలి అధిపతిగా వచ్చిన బ్రూర్ రెక్సెడ్, ఉద్యోగులందరినీ 'దూ' అంటే 'నువ్వు' అని పిలుస్తానని ప్రకటించాడు. మార్పు అంతకుముందే మొదలైనా, ఆయన పేరు దానికి గుర్తుగా మిగిలిపోయింది. వైద్య విద్యార్థులకు ఆయన మరోలా తెలుసు. వెన్నుపాములోని పొరలను 'రెక్సెడ్ లామినా' అంటారు. వాటిని వర్ణించింది ఈయనే.

నేడు ప్రొఫెసర్‌నైనా పేరుతో, 'దూ' అని పిలుస్తారు. 'గారు', 'అండి' లేకుండా పెద్దవారితో నోరు విప్పని తెలుగు విద్యార్థికి, వ్యాకరణంకన్నా ఈ అలవాటే కష్టంగా అనిపించవచ్చు. అక్కడ అది అమర్యాద కాదని మనసుకు నచ్చచెప్పుకోవడం కూడా భాష నేర్చుకోవడంలో భాగమే.

మర్యాద మరోచోట ఉంటుంది. ఇంగ్లీషు 'ప్లీజ్'కు సరిగ్గా సరిపోయే మాట స్వీడిష్‌లో లేదు. తెలుగులోనూ 'దయచేసి' అని ఇంట్లో ఎవరూ అనరు, 'కాస్త ఇవ్వండి' అంటారు. స్వీడన్ వాళ్లు కాఫీ అడిగి చివర 'తక్' చేరుస్తారు. భోజనం కాగానే వండినవారికి 'తక్' చెప్పాలి. ఎవరింటికైనా వెళ్లొచ్చాక మళ్లీ కలిసినప్పుడు 'తక్ ఫర్ సేనస్త్' అంటే 'పోయినసారి కలిసినందుకు కృతజ్ఞతలు' అనాలి.

కాఫీ, మితం, మిఠాయి

స్వీడన్‌లో అందరూ ముందుగా నేర్చుకునే మాట 'ఫీకా'. పని ఆపి, కలిసి కూర్చుని కాఫీ తాగడం. కాఫీకి పాత వాడుక మాట 'కఫ్ఫి'. దాని అక్షరాలను తిరగేస్తే పుట్టిందే ఫీకా అని భాషావేత్తలు చెబుతారు. మన పిల్లలు 'క' భాష ఆడుకున్నట్టే అదీ ఒక గుట్టు భాష. 1756లో స్వీడన్ కాఫీని నిషేధించింది కూడా. నేడు ప్రయోగశాలల్లో, ఆఫీసుల్లో ఫీకా బల్ల దగ్గరే అసలు కబుర్లు నడుస్తాయి.

'లాగొమ్' అంటే ఎక్కువా తక్కువా కాకుండా, సరిపడా. వైకింగులు ఒకే పాత్రలోని పానీయం జట్టంతటికీ సరిపోయేలా తాగేవారని, అందులోంచే ఈ మాట వచ్చిందని ఒక కథ ప్రచారంలో ఉంది. అది తర్వాత అల్లిన కథ. నిజానికి 'చట్టం, ఆచారం ప్రకారం' అనే అర్థమున్న పాత విభక్తి రూపం నుంచి ఇది పుట్టింది.

'లోడాగ్స్‌గూదిస్' అంటే శనివారం మిఠాయి. పిల్లలకు వారానికి ఒక్కరోజే చాక్లెట్లు ఇచ్చే అలవాటు. 'లోడాగ్' అంటే శనివారం, దాని మూలార్థం స్నానం చేసే రోజు. శనివారం తలంటు పోసుకునే మన ఇళ్లవారికి ఇది వింతగా తోచదు. కానీ ఈ తీయని మాట వెనుక చేదు చరిత్ర ఉంది. 1945 నుంచి 1955 వరకు లుండ్ దగ్గరి విపెహోల్మ్ ఆసుపత్రిలో పళ్ల పుచ్చుపై ప్రయోగాలు జరిగాయి. బుద్ధిమాంద్యం ఉన్న రోగులకు పళ్లకు అంటుకునే మిఠాయిలు పదేపదే తినిపించారు. సమ్మతి చెప్పగల స్థితిలో వారు లేరు. చాలామంది పళ్లు పాడయ్యాయి. చక్కెర ఎంత తిన్నామన్నదానికన్నా ఎంత తరచుగా తిన్నామన్నదే ముఖ్యమని ఆ ఫలితాలు చూపాయి. 'మిఠాయి వారానికోసారి' అనే సలహా అలా వచ్చింది. విజ్ఞాన నైతికత పాఠాల్లో ఈ ప్రయోగం నేటికీ ప్రస్తావనకు వస్తుంది.

మంచు మీద ఆవు

నుడికారాల్లో ఆ నేల కనిపిస్తుంది. 'మంచు మీద ఆవేమీ లేదు' అంటే తొందరేం లేదని. గడ్డకట్టిన చెరువు మీదికి పశువు వెళ్తే ప్రమాదం కదా. అలాంటిదేమీ జరగలేదు, నిదానంగా కానీ అని భావం. కష్టపడకుండా అన్నీ అమరినవారిని 'రొయ్యల శాండ్‌విచ్ మీద జారుకుంటూ వచ్చాడు' అంటారు. తెలుగులో 'వడ్డించిన విస్తరి' అంటాం. 'చెడ్డ వాతావరణం లేదు, ఉన్నవి చెడ్డ బట్టలే' అనే సామెతలో వాతావరణం, బట్టలు అనే మాటలకు స్వీడిష్‌లో ప్రాస కుదురుతుంది, 'వేదెర్', 'క్లేదెర్' అని.

ఉత్తర ప్రాంతాలకు వెళ్తే ఇంకో వింత. 'అవును' అనడానికి గాలిని చటుక్కున లోపలికి పీలుస్తారు. ప్రపంచ భాషల్లో మాట దాదాపు ఎప్పుడూ బయటికి వదిలే ఊపిరి మీదే నడుస్తుంది. ఇక్కడ పీల్చే ఊపిరే జవాబు. తెలియనివారు ఎదుటి మనిషి ఉలిక్కిపడ్డాడని అనుకుంటారు.

స్వీడన్‌లో 2009 నుంచి అమల్లో ఉన్న భాషా చట్టం స్వీడిష్‌ను దేశ ప్రధాన భాషగా గుర్తించింది. వలస వచ్చి స్థిరపడేవారికి స్థానిక పురపాలక సంస్థలు 'ఎస్ఎఫ్ఐ' పేరుతో ఉచితంగా స్వీడిష్ నేర్పుతాయి. తరగతిలో వ్యాకరణం వస్తుంది. మిగిలింది ఫీకా బల్ల దగ్గర రావాలి. ఎదుటివారు ఇంగ్లీషులోకి మారబోతున్నప్పుడు 'కన్ వి తా దె పొ స్వెన్స్క' అని అడగవచ్చు. 'దీన్ని స్వీడిష్‌లోనే మాట్లాడుకుందామా' అని అర్థం. చివర 'తక్' చేర్చడం మరవకూడదు. దీర్ఘం లేకుండా పలికితే చాలు.