గడ్డి కోసే మిషనూ, గడ్డి ఎత్తే చేతులూ



గడ్డి కోసే మిషను గురించి ఆడవాళ్ళతో మాట్లాడటమేమిటి, అది మగవాళ్ళ సంగతి కదా అని మీలో కొందరికి అనిపించవచ్చు. మేడ్చల్, షామీర్‌పేట వైపు వుండేవాళ్ళు మాత్రం అలా అనుకోరు. వానలు పడ్డాయంటే చాలు, అక్కడ పొలం గెట్ల మీద, కూరగాయల తోటల్లో, ఫామ్‌హౌసుల్లో, అమ్మకానికి పెట్టిన ఇళ్ళ స్థలాల్లో ఆ మిషను చప్పుడు వినిపిస్తూనే వుంటుంది. మిషను భుజాన తగిలించుకున్నది ఒక మనిషి అయితే, వెనకాలే వంగి గడ్డి ఎత్తి మోపు కట్టేది ఇంకో మనిషి. ఆ రెండో మనిషి చాలాచోట్ల ఆడమనిషే. ఇంటిముందు గడ్డి కోయిస్తుంటే పిల్లను చంకనేసుకుని చూస్తూ నిలబడేదీ మనమే. మిషను తామే పట్టి నడిపే ఆడవాళ్ళూ లేకపోలేదు. కాబట్టి ఇది మన సంగతే.

దీన్ని బజారులో బ్రష్ కట్టర్ అంటారు. పొడుగాటి గొట్టం, ఒక చివర చిన్న పెట్రోలు ఇంజను, రెండో చివర గిరగిర తిరిగే తల. ఆ తలకు నైలాను తీగ అయినా బిగిస్తారు, ఇనప బ్లేడు అయినా బిగిస్తారు. నైలాను తీగతో గడ్డి కొయ్యటం 1971లో మొదలైంది. అమెరికాలో హ్యూస్టన్ నగరంలో జార్జ్ బల్లాస్ అనే ఆయన కార్లు కడిగేచోట తిరిగే బ్రష్షులు చూశాడు. ఒక రేకు డబ్బాకు చిల్లులు పొడిచి, చేపలు పట్టే నైలాను తీగ దూర్చి తిప్పి చూశాడు. గడ్డి తెగింది! అంత మెత్తని తీగ గడ్డిని ఎలా కోసిందంటారా? వేగం వల్ల. ఈ మిషనులో వున్న లాభమంతా ఆ వేగమే, ప్రమాదమంతా కూడా ఆ వేగమే.

ఒక చిన్న లెక్క చూద్దాం. తల నిమిషానికి 7000 చుట్లు తిరుగుతోందనుకోండి. తీగ ఈ కొస నుంచి ఆ కొసకు 40 సెంటీమీటర్లు వుందనుకోండి. అప్పుడు ఆ కొస గంటకు 500 కిలోమీటర్లకు పైబడిన వేగంతో పోతున్నట్టు లెక్క. మేడ్చల్ మీదుగా పోయే 44వ నెంబరు జాతీయ రహదారి మీద నాగపూరు వెళ్ళాలంటే కారులో ఒక పూట పడుతుంది కదా, ఆ దూరాన్ని ఈ తీగ కొస గంటలోపే దాటేస్తుందన్నమాట. అటువంటి కొసకు శనగగింజంత గులకరాయి తగిలితే అది రాయిలా వుండదు, తూటాలా ఎగిరివస్తుంది. మన నేలలేమో రాళ్ళ నేలలు. ఇళ్ళ స్థలాల్లో అయితే హద్దురాళ్ళు, పగిలిన సీసాలు, ముళ్ళతీగ ముక్కలు అన్నీ గడ్డిలో దాక్కుని వుంటాయి.

అందుకని మొట్టమొదటి నియమం దూరం. మిషను నడుస్తున్నంతసేపూ దాని చుట్టూ 15 మీటర్ల లోపల ఇంకో మనిషి వుండకూడదు, గొడ్డు వుండకూడదు. 15 మీటర్లంటే ఎంతో తెలియాలంటే చీరతో కొలవండి. చీర అయిదున్నర మీటర్లు. మూడు చీరలు కొసకు కొస పరిస్తే ఎంత దూరమో అంత.

"అట్లాగైతే పని సాగుతుందా? కోసేవాడు ముందు పోతుంటే ఎత్తేవాళ్ళు వెనక పోవాల్సిందే కదా" అంటారు. అక్కరలేదు. జాగాను మూడు నాలుగు భాగాలుగా అనుకోండి. మొదటి భాగం కోసి, మిషను దూరంగా వున్న ఇంకో భాగానికి వెళ్ళిన తరవాత మీరు మొదటి భాగంలోకి దిగండి. జాగా చిన్నదైతే అంతా కొయ్యనిచ్చి, ఇంజను ఆపాకే ఎత్తండి. పని ఆగదు, కూలి తగ్గదు, కళ్ళు దక్కుతాయి. పనికి పిలిచిన యజమానురాలు మీరే అయితే ఈ మాట పొద్దున్నే, పని మొదలు కాకముందే చెప్పండి. మిషను పట్టినవాడికి కళ్ళద్దాలు ఇచ్చి, గడ్డి ఎత్తే ఆమెను అద్దాలు లేకుండా పక్కనే నిలబెట్టటం న్యాయం కాదు. ఆమెకూ ఒక జత ఇవ్వండి. ఎండకు పెట్టుకునే చలవ అద్దాలు ఇందుకు పనికిరావు. పక్కలు కూడా మూసుకునే, పగలని ప్లాస్టిక్ రక్షణ అద్దాలు పనిముట్ల దుకాణాల్లో దొరుకుతాయి.

రెండో నియమం గార్డు. తిరిగే తలకు మనిషివైపున ఒక ప్లాస్టిక్ డొప్ప వుంటుంది. గడ్డి అడ్డం పడుతోందని దాన్ని విప్పేసి నడిపేవాళ్ళు కనిపిస్తారు. మూత లేకుండా మిక్సీ తిప్పుతామా? ఇదీ అంతే. అలాగే నైలాను తీగ అయిపోయిందని ఇనప తీగో, సైకిలు పుల్లో, గొలుసు ముక్కో కట్టి తిప్పకూడదు. అది తెగితే ఎక్కడ దిగుతుందో తెలియదు. గొలుసు ముక్కలతో చేసిన ఇటువంటి తలలను 2012లో యూరప్ దేశాలు నిషేధించాయి.

మిషను మీరే పట్టేటట్టయితే కట్టూబొట్టూ మాట చెప్పాలి. చీర కొంగు, చున్నీ, వేలాడే జడ ఇవేవీ పనికిరావు. పంజాబీ డ్రస్సు మీద మగవాళ్ళ నిండుచేతుల చొక్కా తొడుక్కుని, జుట్టు ముడివేసి, తలకు గుడ్డ కట్టుకోండి. కాళ్ళకు చెప్పులు కాదు, బూట్లు కావాలి. చెవుల్లో దూది కాదు, చెవి బిరడాలు పెట్టుకోవాలి. రోజూ ఆ మోత వింటే చెముడు మెల్లగా, చెప్పకుండా వస్తుంది. చేతులకు అదురు కూడా మంచిది కాదు. అరగంటకోసారి ఆపి, వేళ్ళు ఆడించి, మంచినీళ్ళు తాగి మళ్ళీ మొదలుపెట్టండి.

వయ్యారిభామ వున్నచోట ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి. మన దేశంలో 1956 నాటికి పూనాలో కనిపించిన ఈ కలుపు ఇప్పుడు లేని బీడు లేదు. దాని రసం, పుప్పొడి పడితే కొందరికి ఒళ్ళంతా దురద, దద్దుర్లు, ఆయాసం వస్తాయి. పూత రాకముందే కొయ్యండి. ముక్కుకు గుడ్డ కట్టుకోండి. పనయ్యాక స్నానం చేసి, ఆ బట్టలు విడిగా ఉతకండి.

కొయ్యబోయే ముందు ఒకసారి జాగా అంతా కర్రతో తట్టుకుంటూ నడవండి. రాళ్ళు, సీసాలు ఏరెయ్యండి. బోరు మోటారు వైరు గడ్డిలో పడివుందేమో, డ్రిప్పు గొట్టాలు వున్నాయేమో చూడండి. వైరు కనిపిస్తే కరెంటు ఆపి, దాన్ని పక్కకు తీసిన తరవాతే కోత. షామీర్‌పేట చెరువు వంటి నీటిపట్టుల దగ్గర పాముల భయం ఎక్కువ. ఆ కర్ర చప్పుడుకే అవి చాలావరకు తప్పుకుంటాయి. ఒకవేళ పాము తెగిపడినా తలను ముట్టుకోవద్దు. తెగిన తల కూడా కొంతసేపు కాటు వేస్తుంది.

మెత్తని గడ్డికి నైలాను తీగ, గట్టి కాడలకూ చిన్న పొదలకూ బ్లేడు. గోడల దగ్గర, రాళ్ళ దగ్గర బ్లేడు పెట్టకండి. రెండు కాళ్ళు ఎడంగా పెట్టి, తలను నేలకు దగ్గరగా ఆనీఆనకుండా వుంచి, కుడి నుంచి ఎడమకు ఊపుతూ కొయ్యాలి. చాలా మిషన్లలో తల ఎడమవైపుకు తిరుగుతుంది. అందుకే బ్లేడు ఎడమభాగంతో కోస్తే సాఫీగా తెగుతుంది. ముందు కుడివైపు అంచు గట్టి కాడకు తగిలితే మిషను ఒక్కసారిగా పక్కకు తన్నుతుంది.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన మాట. గడ్డి చుట్టుకుని తల ఆగిపోతే చాలామంది చటుక్కున చెయ్యి పెడతారు. రేసు వదిలినంత మాత్రాన ఇంజను ఆగినట్టు కాదు. స్విచ్చి ఆపాలి, తల పూర్తిగా నిలిచేదాకా ఆగాలి, ప్లగ్గు వైరు ఊడదీయాలి, ఆ తరవాతే చెయ్యి. రేసు వదిలినా తల తిరుగుతూనే వుంటే మిషనులో లోపం వున్నట్టే. మెకానిక్కుకు చూపించేదాకా దాన్ని వాడవద్దు.

పెట్రోలు సంగతి ఇంటి ఇల్లాలికి ఇంకా బాగా తెలియాలి. టూ స్ట్రోక్ ఇంజనుకు పెట్రోల్లో టూటీ ఆయిలు కలపాలి. 25కు ఒకటి అని కంపెనీ పుస్తకంలో వుంటే లీటరుకు 40 మిల్లీలీటర్లు. 50కి ఒకటి అంటే 20 మిల్లీలీటర్లు. మీ మిషనుకు ఏది చెప్పారో అదే పొయ్యండి. పిల్లల మందుకొలత వంటిదే ఇదీ, తగ్గితే ఇంజను పట్టేస్తుంది, పెరిగితే పొగ, మసి. ఫోర్ స్ట్రోక్ అయితే పెట్రోల్లో ఏమీ కలపకూడదు, ఇంజనాయిలు విడిగా పొయ్యాలి. 2023 నుంచి బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు రావటం మొదలైంది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. కాబట్టి కలిపిన పెట్రోలు నెలలకొద్దీ దాచకుండా కావలసినంతే కలుపుకోండి.

వేడిగా వున్న ఇంజనులో పెట్రోలు పొయ్యకండి, పది నిమిషాలు చల్లారనివ్వండి. పోసినచోటనే స్టార్ట్ చెయ్యకుండా పది అడుగులు పక్కకు జరగండి. ఎండాకాలంలో వేడి సైలెన్సరును ఎండుగడ్డి మీద ఆనించి పెడితే నిప్పు అంటుకుంటుంది. పెట్రోలు మాత్రం ఎన్నడూ మంచినీళ్ళ సీసాలో పోసి పెట్టవద్దు. పసివాళ్ళకు రంగు తెలుసుగాని విషం తెలియదు. ఒకవేళ తాగితే వాంతి చేయించకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

మిషనును చూసుకోవటం కుట్టుమిషనును చూసుకున్నట్టే. పని కాగానే గడ్డి, మట్టి తుడవండి. ఎయిర్ ఫిల్టరు స్పాంజిదైతే సబ్బునీళ్ళలో ఉతికి, బాగా ఆరాక బిగించండి. ప్లగ్గుకు పట్టిన మసి గీకండి. తల దగ్గర పళ్ళచక్రాల పెట్టెలో గ్రీజు పట్టించండి. రోజూ నట్లు బిగువు చూడండి. బ్లేడు నట్టు చాలా మిషన్లలో ఎదురు మరది, అంటే కుడికి తిప్పితే వూడుతుంది. పగులు కనిపించిన బ్లేడును అతికించి వాడకండి, పారెయ్యండి. నైలాను తీగ ఎండి పెళుసైతే ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టండి, మళ్ళీ సాగుతుంది. కోతల కాలం అయిపోయాక ట్యాంకు ఖాళీ చేసి, ఇంజను తనంతట ఆగేదాకా నడిపి, పొయ్యికి దూరంగా దాచండి.

ఇంత చూసుకున్నా కంట్లో ఏదైనా పడిందనుకోండి. దుమ్ము అయితే మంచినీళ్ళతో కడగండి. రాయి గట్టిగా తగిలినా, ముక్క గుచ్చుకున్నా నలపవద్దు, లాగవద్దు, కడగవద్దు. చనుబాలు, ఆముదం, ఆకుపసరు పొయ్యవద్దు. శుభ్రమైన కాగితం కప్పు కంటిమీద ఒత్తిడి పడకుండా కప్పి, ఆ పూటే కంటి ఆసుపత్రికి వెళ్ళండి. మెహదీపట్నంలో ప్రభుత్వ సరోజినీదేవి కంటి ఆసుపత్రి వుంది. బండి దొరక్కపోతే 108కి ఫోను చెయ్యండి. 2005 ఆగస్టు 15న మొదలైన ఆ సేవకు కేంద్రస్థానం మన మేడ్చల్ రోడ్డు మీది దేవరయాంజాలే. "రేపు చూద్దాంలే" అన్న మాటకు పోయిన చూపు తిరిగి రాదు.

గడ్డి ఇవాళ కోస్తే మళ్ళీ పదిహేను రోజులకు మొలుస్తుంది. కన్ను అలా మొలవదు కదమ్మా! ఈసారి మీ వాకిట్లో ఆ మిషను మోగినప్పుడు మూడు చీరల దూరం గుర్తుంచుకోండి. గడ్డి ఎత్తే అక్కకు కూడా చెప్పండి.

సెలవు.