ఫైలు కదలదు, జవాబు ఎలా వస్తుంది?

ఉదయం ఎనిమిది, తొమ్మిది గంటల మధ్య చైతన్యపురి మెట్రో స్టేషన్‌లో ఎన్ని రైళ్లు ఆగుతాయి? హైదరాబాద్ మెట్రో వేళల ఫైళ్లు తెలంగాణ ఓపెన్ డేటా పోర్టల్‌లో పెట్టారు. ఏ రైలు ఏ స్టేషన్‌కి ఎప్పుడొస్తుందో వాటిలో వరుసగా ఉంటుంది.

ఆ ఫైళ్లను ఆబ్జెక్ట్ స్టోరేజ్‌లో, అంటే అమెజాన్ ఎస్3 లాంటి చోట, దాచామనుకోండి. 2006లో మొదలైన ఎస్3 ఫైళ్లను భద్రంగా దాస్తుంది, అడిగితే ఇస్తుంది. లెక్కలు కట్టే పని క్వెరీ ఇంజన్‌ది.

ట్రినో అలాంటి ఇంజనే. 2012లో ఫేస్‌బుక్‌లో ప్రెస్టో పేరుతో పుట్టింది. దానికి ఫైళ్లున్న బకెట్ (ఎస్3లోని నిల్వ గది) చిరునామా, చదివే అనుమతి ఇవ్వాలి. ఏ కాలమ్‌లో ఏముందో చెప్పే కేటలాగ్ కూడా కావాలి. అది లేకపోతే ఇంజన్‌కి ఆ ఫైలు వట్టి అక్షరాల గుట్టే.

అసలు నేర్పంతా చదవడంలో ఉంది. వేళల వరుసలో పేర్చి పార్కే అనే ఫైల్ ఫార్మాట్‌లోకి మార్చి దాచిన ఫైలు చివర చిన్న సూచిక ఉంటుంది: ఏ కాలమ్ ఎక్కడుంది, ఏ ముక్కలో అతి తక్కువ, అతి ఎక్కువ విలువలేమిటి అని. ఇంజన్ ముందుగా ఆ తోకనే తెప్పించుకుంటుంది. సాయంత్రం వేళలున్న ముక్కల జోలికే పోదు! చదివిన డేటాను బట్టి బిల్లు వేసే అథీనా లాంటి సేవల్లో దీనివల్ల డబ్బూ మిగులుతుంది.

మీరూ ప్రయత్నించండి. ఇంజన్‌కి చదివే అనుమతి మాత్రమే ఇవ్వండి, ఆ అనుమతికి వాడే రహస్య కీని కోడ్‌లో రాయకండి.