నమూనా విమానాల పోటీలలో తరగతులు

రేడియో సంకేతాలతో నేలపైనుండి నడిపే నమూనా విమానాలు ఆకాశంలో పల్టీలు కొడుతూ పోటీపడతాయి. అమెరికాలో ఈ విన్యాసాల పోటీకి స్పోర్ట్స్‌మన్, ఇంటర్మీడియట్, అడ్వాన్స్‌డ్, మాస్టర్స్ అనే తరగతులు, వాటిపైన ఎఫ్3ఎ అనే అంతర్జాతీయ తరగతి ఉన్నవి. తరగతి పెరిగినకొద్దీ విన్యాసాలు కఠినమవుతాయి.

ఒక్కొక్క విన్యాసానికి 10 మార్కులు. ఉండవలసిన దిశనుండి విమానం 15 డిగ్రీలు తప్పితే ఒక మార్కు పోతుంది. వచ్చిన మార్కులను విన్యాసపు కష్టాన్ని తెలిపే గుణకంతో హెచ్చవేస్తారు. 7 మార్కులు వచ్చి, గుణకం 4 అయితే 28. మొత్తాలు కట్టిన తరువాత, ఆ తరగతిలో మొదటివారికి 1000 ఇచ్చి, తక్కినవారికి అదే నిష్పత్తిలో ఇస్తారు.

చిక్కు ఇక్కడనే ఉన్నది. ముగ్గురే పాల్గొన్న తరగతిలోనైనా ఒకరికి 1000 వచ్చి తీరుతుంది. కనుక తరగతులు ఎక్కువైతే గెలుపు చులకనవుతుందని కొందరి వాదం. తగ్గిస్తే, కొత్తవారు ఆరితేరినవారితో తలపడలేక పోటీనే మానుకొంటారని మరికొందరి వాదం. నేర్పరులు క్రింది తరగతిలోనే ఉండి బహుమతులు పట్టుకుపోవడం ఇంకొక చిక్కు.

1000 అనేది స్థానాన్ని చెప్పునే కాని నేర్పును చెప్పదు. విన్యాసానికి 5 చొప్పున తెచ్చుకొని గెలిచినవారికన్న, గట్టి పోటీలో 8 చొప్పున తెచ్చుకొని మూడవస్థానంలో నిలిచినవారే పై తరగతికి తగినవారు. తరగతి మార్చేముందు చూడవలసినది 10కి వచ్చిన అసలు మార్కులనే. బడి పరీక్షలలో ర్యాంకును చూచేటప్పుడుకూడా ఈ తేడా గుర్తుంచుకోదగినది.