గుమ్మం దగ్గర కావలి

యెరూషలేము గోడను నెహెమ్యా 52 రోజుల్లో కట్టించాడు. గోడ లేచినంత మాత్రాన పని తీరలేదు. విశ్రాంతిదినాన వర్తకులు సరుకులతో గుమ్మాల గుండా వస్తున్నారని చూసి, చీకటి పడుతుండగానే తలుపులు మూయించి తన పనివారిని కావలి పెట్టాడు. వర్తకులు ఒకటి రెండుసార్లు గోడ బయటే రాత్రి గడిపారు. ఆయన గద్దించాకే రావడం మానారు.

మన ఇళ్లకిప్పుడు మరో గుమ్మం ఉంది. 2020 లాక్‌డౌన్‌లో ఆన్‌లైన్ క్లాసుల కోసం పిల్లల చేతికి ఫోన్లిచ్చాం. క్లాసులు మళ్లీ బడికి వెళ్లాయి, ఫోన్లు మాత్రం ఇంట్లోనే ఉండిపోయాయి. కుటుంబ ప్రార్థన ముగిశాక ఎవరి మూల వారిది. ఎవరేమి చూస్తున్నారో దేవునికే తెలియాలి.

ఫిల్టర్‌ను తేలిగ్గా పెట్టగలిగేది వైఫై రూటర్‌లో. మనం అడిగిన వెబ్‌సైట్ ఎక్కడుందో వెతికి చెప్పే సేవను డీఎన్‌ఎస్ అంటారు. దాని స్థానంలో కుటుంబాల కోసం చేసిన సేవను పెట్టుకోవచ్చు. క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ 2020లో ఇలాంటి సేవను ఉచితంగా ప్రారంభించింది. రూటర్ సెట్టింగ్స్‌లో 1.1.1.3 అని, రెండో గడిలో 1.0.0.3 అని రాస్తే అశ్లీల సైట్ల దారి చెప్పదు. ఆ వైఫై వాడే టీవీ, ల్యాప్‌టాప్ అన్నీ దీని కిందికే వస్తాయి.

మా ఇంట్లో ఇదే పెట్టి నిశ్చింతగా నిద్రపోయాను. రెండు వారాలకు తెలిసింది, మా అబ్బాయి వైఫై ఆపేసి మొబైల్ డేటాతో చూస్తున్నాడని. గోడ బయట పడుకున్న వర్తకులు గుర్తొచ్చారు.

అందుకే ఫోన్‌లోనూ కావలి కావాలి. ఆండ్రాయిడ్‌లో 'ప్రైవేట్ డీఎన్‌ఎస్' సెట్టింగ్ మొబైల్ డేటాకూ పనిచేస్తుంది. గూగుల్ 2017లో తెచ్చిన ఫ్యామిలీ లింక్‌తో పిల్లలు కొత్త యాప్ వేసుకోవాలంటే మన అనుమతి అడిగేలా చేయవచ్చు. ఫిల్టర్‌ను దాటించే వీపీఎన్ యాప్‌లు ఎక్కువగా వచ్చేది ఆ దారినే. అయినా డీఎన్‌ఎస్ ఫిల్టర్ సైటు మొత్తాన్ని ఆపగలదే గాని, ఫేస్‌బుక్‌లోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో వచ్చే ఒక్క బొమ్మను ఏరి ఆపలేదు.

అమెరికాలో 2000లో మొదలైన కవనెంట్ ఐస్ పద్ధతి వేరు. మనం చూసినవాటి నివేదికను మనం నమ్మిన మనిషికి పంపుతుంది. యోబు తన కన్నులతో చేసుకున్న నిబంధనే ఆ పేరుకు మూలం. పెద్దవాళ్లకు ఇదే మేలని నా అభిప్రాయం. తాళం వేసిన చేతిలోనే తాళంచెవి ఉంటే అదేం తాళం?

ఈ మాట నాకు తట్టింది మా అబ్బాయి వల్లనే. గద్దిద్దామని కూర్చోబెడితే వాడు తల వంచుకునే అడిగాడు, "డాడీ, మీ ఫోన్‌లో కూడా పెట్టారా?"

పెట్టలేదు. రూటర్ పాస్‌వర్డ్ కూడా నా దగ్గరే ఉంది. సంఘంలో పెద్దననిపించుకునే నాకు ఆ క్షణాన జవాబు దొరకలేదు.

ఆ రాత్రే నా ఫోన్‌ను నా భార్య చేతికిచ్చాను. ఫిల్టర్ పెట్టి, రూటర్ పాస్‌వర్డ్ కూడా తనే మార్చింది. ఎందుకని అడగలేదు. కొత్త పాస్‌వర్డ్ ఒక చీటీ మీద రాసి ఎక్కడో దాచింది. ఎక్కడో నాకు తెలియదు, మా అబ్బాయికీ తెలియదు.