ఏ రోజు గింజలు ఆ రోజుకే

సూర్యలంక తీరం నుంచి బాపట్ల, పొన్నూరు మీదుగా గుంటూరు పోతుంటే దారిలో చేబ్రోలు తగులుతుంది. ఆ మండలంలోని కొత్తరెడ్డిపాలెంలో తెలుగు యూదులున్నారు. తమను బెనె ఎఫ్రాయిము అని చెప్పుకుంటారు. చెదిరిపోయిన ఇశ్రాయేలు గోత్రాల్లో ఎఫ్రాయిముది తమ వంశమని వారి నమ్మకం. మాదిగ కుటుంబాలు, అంతకుముందు క్రైస్తవులు. 1980ల చివరి నుంచి యూదు ఆచారాలను బాహాటంగా పాటిస్తూ, చిన్న సినగాగు కట్టుకున్నారు. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ 2013లో వీరి మీద పుస్తకమే తెచ్చారు. వంశం సంగతి చరిత్రకారులు చూసుకుంటారు. నాకు ఆసక్తి వారి శనివారం మీద.

శుక్రవారం పొద్దుగూకినప్పటి నుంచి శనివారం చీకటిపడేదాకా పని ముట్టకూడదు. నెల జీతగాడికి ఇదేం కష్టం కాదు. పొలం కూలికి వెళ్లేవాళ్లకు మాత్రం ఆ రోజు కూలి పోయినట్టే. మరి ఇలాంటి నియమం పెట్టిన గ్రంథం, పస్తుండమని చెబుతోందా?

జవాబు నిర్గమకాండము 16వ అధ్యాయంలో ఉంది. ఐగుప్తు వదిలిన ఇశ్రాయేలు జనానికి అరణ్యంలో ఆకలేసింది, సణిగారు. తెల్లవారి మంచు ఆరాక నేల మీద కొత్తిమీర గింజల్లాంటివి కనిపించాయి. అదే మన్నా. మనిషికి ఓమెరు చొప్పున, అంటే సుమారు రెండు లీటర్లు, ఏరుకోమన్నాడు దేవుడు. ఎక్కువ ఏరినవాడికి మిగల్లేదు, తక్కువ ఏరినవాడికి తగ్గలేదు. రేపటికని దాచింది పురుగు పట్టి కంపు కొట్టింది. ఆరో రోజు మాత్రం రెట్టింపు దొరికింది, అది చెడలేదు. ఏడో రోజు ఆశపడి బయటికి వెళ్లినవాళ్లకు ఏమీ కనబడలేదు.

ఈ కథ ఎవరికి జరిగిందో మరిచిపోకూడదు. ఫరో ధాన్యం నిల్వ చేసుకోవడానికి పీతోము, రామెసేసు పట్టణాలు కట్టిన వెట్టివాళ్లు వీళ్లు. ఫరో గాదెలు కట్టి తాము ఖాళీ చేతులతో ఇల్లు చేరినవాళ్లకు గాదె లేని తిండి, దానితోపాటు కూలి తెగని సెలవు దొరికాయి. ఆరో రోజు రెట్టింపును నేను అలాగే చదువుతాను.

దారి చూపడం కూడా ఇదే లెక్కలో సాగింది. సంఖ్యాకాండము 9లో దేవుడి గుడారం మీది మేఘం లేస్తే ప్రయాణం, నిలిస్తే మజిలీ. అది రెండు రోజులు కావచ్చు, నెల కావచ్చు, ఏడాదీ కావచ్చు. ముందుగా ఎవరికీ చెప్పలేదు.

కనాను చేరి ఆ నేల పంట తిన్న మర్నాడే మన్నా ఆగిపోయిందని యెహోషువ గ్రంథం చెబుతుంది. చాలామంది ప్రసంగీకులు ఇక్కడితో ఆపేస్తారు. అసలు విషయం దీని తర్వాతే ఉంది. ఇకపై పేదవాడికి తిండి ఆకాశం నుంచి రాదు, పొరుగువాడి చేలోంచి రావాలి. పొలం అంచులు పూర్తిగా కోయకు, పరిగె, అంటే కోతలో రాలిపోయిన వెన్నులు, ఏరకు, అవి బీదలకూ పరదేశులకూ వదిలేయమంటుంది లేవీయకాండము 19. డెల్టాలో పెద్దవాళ్లకు ఈ మాట కొత్త కాదు. 

ఈ నియమం ఎలా నడిచిందో రూతు గ్రంథంలో చూడొచ్చు. రూతు మోయాబు స్త్రీ, పైగా విధవ. బోయజు అనే ఆసామి చేలో పరిగెకు వెళ్లింది. పనలలోంచి కొన్ని కావాలనే లాగి ఆమె కోసం పడేయమని అతడు పనివాళ్లకు చెప్పాడు. సాయంత్రానికి ఆమె దుళ్లగొట్టిన యవలు సుమారు ఏఫా అయ్యాయి. ఏఫాకు పది ఓమెర్లు: అరణ్యంలో పదిమందికి ఒక రోజు దొరికిన మన్నా అంత.