ధరలు పడిపోయిన కాలము – రైతు ఋణ విమోచన చట్టము

1929వ సంవత్సరము అక్టోబరు మాసమున న్యూయార్కు నగరమందలి వాటాల బజారు కూలిపోయెననియు, పిదప లోకమంతటను ఆర్థిక మాంద్యము వ్యాపించెననియు మన పై తరగతుల విద్యార్థులు చరిత్ర పాఠములలో చదువుచున్నారు. ఆ వాటాలకును పర్చూరు రేగడి చేలకును సంబంధమేమని యడిగినచో జవాబు చెప్పగలవారు కొలదిమందియే యుందురు. ఆ సంబంధమును, ఆ కష్టకాలమున ప్రభుత్వములు చేసిన యేర్పాటులను, ముఖ్యముగా మద్రాసు రాజధానిలో 1938వ సంవత్సరమున పుట్టిన రైతు ఋణ విమోచన చట్టమును గూర్చి యిచ్చట వివరింప దలచితిమి.

మన పూర్వు లెరిగిన కష్టములలో హెచ్చు భాగము వానలు లేకనో, తుపానుల వలననో వచ్చినవి. డొక్కల కరవని నేటికిని చెప్పుకొనబడు 1832–33 నాటి గుంటూరు కరవు అట్టిది. 1930వ సంవత్సరము తరువాత వచ్చిన కష్టము వేరు విధమైనది. చేను పండకపోవుట దీనికి కారణము కాదు. పండిన పంట ఇంటికి వచ్చినను, దానిని కొనువాడు ముందటి ధర నీయకపోవుటయే కారణము.

పర్చూరు ఆ దినములలో గుంటూరు జిల్లాలోనిది. (1970లో క్రొత్త జిల్లా యేర్పడినప్పుడు దానిలో చేరినది, ఆ జిల్లాకే తరువాత ప్రకాశము జిల్లా యని పేరు వచ్చెను. 2022 నుండి పర్చూరు బాపట్ల జిల్లాలో నున్నది.) ఇచ్చటి నల్లరేగడిలో జొన్నతోబాటు ప్రత్తి, మిరప, పొగాకు పండించుట వాడుక. ప్రత్తిని తినలేము, మిరపకాయలతో కడుపు నింపుకొనలేము. ఇవి అమ్మి రొక్కము చేసికొనుటకు వేయు పైరులు. గుంటూరు సీమ ప్రత్తి ‘కాకినాడ ప్రత్తి’ యను పేరుతో దూరదేశములకు పోవుచుండెడిది. కావున దాని ధర మన సంతలో నిర్ణయింపబడునది కాదు. అమెరికాలో ప్రత్తి ధర 1929 నుండి 1931 నాటికి ఇంచుమించు మూడవవంతుకు దిగెను. మన రాజధానిలో వడ్ల ధరయు కొన్ని యేండ్లలోనే దాదాపు సగమయ్యెను.

ధరలతోబాటు దిగనివి రెండు కలవు: సర్కారు శిస్తు, షావుకారు అప్పు. రెండును రూపాయలలో వ్రాయబడినవే. పది రూపాయల కిస్తు కట్టుటకు పూర్వము రెండు బస్తాలు అమ్మిన చాలు ననుకొందము. ధర సగమైనప్పుడు నాలుగు బస్తాలు అమ్మవలెను. అప్పు విషయమును ఇట్లే. కాగితముపై నూరు రూపాయల ప్రోనోటు నూరు రూపాయలుగానే యుండును గాని, దానిని తీర్చుటకు వలయు పంట మాత్రము రెండింతలైనది. క్రొత్త అప్పేమియు చేయకుండగనే రైతు రెట్టింపు ఋణస్థుడయ్యెను.

దొరతనమువారు మొదట చేసినదేమన, తమ జమాఖర్చులను సరిచూచుకొనుటయే. 1931లో భారత ప్రభుత్వము పన్నులు హెచ్చించి, ఉద్యోగుల జీతములలో నూటికి పది తగ్గించెను. ఆరు దమ్మిడీల పోస్టుకార్డు తొమ్మిది దమ్మిడీలయ్యెను. ఆ సంవత్సరము సెప్టెంబరులో బ్రిటను బంగారు ప్రమాణమును విడిచినను, రూపాయి మారకము మాత్రము పదునెనిమిది పెన్నీలుగానే నిలుపబడెను. బంగారము వెల పెరిగెను. ఇండ్లలోని నగలు అప్పులకును శిస్తులకును అమ్ముడై, కరగి, ఓడల కెక్కి విదేశములకు పోయెను. ఆ సంవత్సరములలో మన దేశమునుండి ఎగుమతియైన బంగారమును ప్రభుత్వమువారు లాభముగానే లెక్కించిరి. అది యెవరి మెడలనుండి వచ్చినదో ఆ లెక్కలలో లేదు.

శిస్తు సంగతి ఇంతకంటె చిత్రము. ధరలు పడుటకు ముందటి లెక్కలను బట్టి కృష్ణా గోదావరి జిల్లాలలో శిస్తును రూపాయికి మూడణాల చొప్పున పెంచవలెనని నిర్ణయము జరిగియుండెను. ఆ పెంపు అమలునకు వచ్చు వేళకు రైతు చేతిలో రూపాయియే కరవయ్యెను. దీనిపై ఆంధ్రదేశమున గొప్ప ఆందోళనము లేచెను. గుంటూరు జిల్లా నిడుబ్రోలువాడైన ఆచార్య ఎన్. జి. రంగా ఆ రైతుల పక్షమున ముందు నిలిచినవారిలో నొకడు. 1936లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ యేర్పడినప్పుడు దాని ప్రధాన కార్యదర్శియు ఆయనయే.

సముద్రమున కావల అమెరికాలో నేమి జరిగెనో యిచ్చట చెప్పవలసియున్నది. 1933 మార్చి 4వ తేదీన రూజ్వెల్టు అధ్యక్షుడగు నాటికి అచ్చటి పనివారిలో నలుగురి కొక్కనికి పని లేదు. ఆయన వచ్చిన రెండు దినములకే బ్యాంకులన్నిటిని మూయించి, పరీక్షించి, మంచివానిని మరల తెరపించెను. నూరు దినములలోపల శాసనములు వెంటవెంట వెలువడినవి. యువకులను అడవులు పెంచు పనులలో చేర్చుకొనిరి. రైతుల తనఖా ఋణములకు తక్కువ వడ్డీ సొమ్ము దొరకునట్లు చేసిరి. ప్రత్తి ధర పెరుగుటకై ఇంచుమించు కోటి యెకరముల ప్రత్తిని ఎదుగుచుండగనే దున్నివేయించి, దున్నినవారికి సొమ్మిచ్చిరి. బట్ట లేనివారు లక్షలుండగా ప్రత్తిని దున్నివేయుట మాకు ఇప్పటికిని మింగుడుపడని సంగతియే. కాని ధర కొంత లేచినమాట నిజము. 1936 జనవరిలో ఆ శాసనపు ముఖ్య భాగమును అచ్చటి సుప్రీముకోర్టు కొట్టివేసెను.

మన రాజధానిలో ఇంత వేగము లేదు. 1935లో ప్రభుత్వమువారు నియమించిన యధికారి సత్యనాథన్ గ్రామ ఋణమును గూర్చి విచారించి, రాజధాని మొత్తముమీద అది సుమారు 200 కోట్ల రూపాయలని తేల్చెను. 1930లో బ్యాంకుల విచారణ సంఘము వేసిన అంచనా 150 కోట్లు. అయిదేండ్లలో ఏబది కోట్లు పెరిగినదన్నమాట. 1936లో ఋణ సమాధాన చట్టము వచ్చెను. దాని ప్రకారము బోర్డులు యేర్పడి, అప్పిచ్చినవానిని పుచ్చుకొన్నవానిని కూర్చుండబెట్టి రాజీ కుదుర్పవలెను. షావుకారు ఒప్పుకొననిచో రాజీ యెట్లు కుదురును?

1937 జూలైలో చక్రవర్తి రాజగోపాలాచారి ప్రధానిగా కాంగ్రెసు మంత్రివర్గము ఏర్పడెను. మరుసటి సంవత్సరము మార్చి 22వ తేదీన రైతు ఋణ విమోచన చట్టము అమలునకు వచ్చెను. ఇది రాజీ కోరునది కాదు. అప్పు మొత్తమునే చట్టబలముచే తగ్గించునది. 1932 అక్టోబరు 1వ తేదీకి పూర్వము చేసిన అప్పులపై 1937 అక్టోబరు 1వ తేదీ నాటికి నిలిచియున్న వడ్డీ యంతయు రద్దయ్యెను. అసలు మాత్రమే చెల్లింపవలెను. అసలునకు రెండింతలు అంతకుముందే చెల్లించియున్న, అసలును రద్దే. తరువాతి తేదీలలో చేసిన అప్పులకు నూటికి సాలున కయిదు రూపాయల చొప్పున వడ్డీ లెక్కగట్టవలెను.

ఈ లెక్క యెట్లు పనిచేసెనో ఒక యుదాహరణము చూపుదుము. ఒక రైతు 1926లో నూటికి నెలకు రూపాయి వడ్డీకి 200 రూపాయలు అప్పు తెచ్చె ననుకొందము. సాలుకు వడ్డీ 24 రూపాయలు. అయిదేండ్లు కట్టెను, 120 రూపాయలు ముట్టెను. 1931 నుండి కట్టలేకపోయెను. ప్రోనోటుకు మూడేండ్ల గడువు గనుక 1934లో వడ్డీని అసలులో కలిపి 272 రూపాయలకు క్రొత్త నోటు వ్రాసిచ్చెను. 1937లో అది 369 రూపాయల 14 అణాల పైచిలుకైనది. చట్టము ఆ నోట్లను ప్రక్కకు ద్రోసి, మొదట చేతికిచ్చిన 200 రూపాయలనే అసలుగా నెంచెను. కావున చెల్లింపవలసినది 200. అతని పొరుగువాడు అదే అప్పునకు పదునొకండేండ్లు తప్పక వడ్డీ కట్టియుండిన, 264 రూపాయలు ముట్టినవి. రెండింతలైన 400లకు తక్కువ 136 మాత్రమే. అదియే అతడు తీర్చవలసిన మొత్తము. ఎగవేసినవానికంటె ఓపికతో కట్టినవానికి హెచ్చు మేలు కలుగునట్లు ఈ లెక్క కూర్పబడినది. ఈ చట్టమునందు మాకు మిగుల నచ్చిన భాగమిదియే.

అప్పిచ్చినవారందరును ధనవంతులు కారను సంగతియు చట్టకర్తలు మరువలేదు. వేరు ఆస్తి లేని స్త్రీకి రావలసిన అప్పు అసలు మూడువేల రూపాయలకు మించనిచో, దానికి ఈ తగ్గింపు వర్తింపదు. సహకార సంఘముల బాకీలును తగ్గింపునకు లోబడవు.

ఇక మేలు పొందనివారి మాట. చట్టము 1937 అక్టోబరు 1వ తేదీని గీతగా గీచెను. ఆ తేదీ తరువాత కోర్టు వేలములో పోయిన భూములను తిరిగి పొందుటకు దారి చూపెను. అంతకు ముందు పోయినవి పోయినట్లే. ధరలు పడినది 1930లో. చట్టము వచ్చినది 1938లో. నడుమ నెనిమిదేండ్లు కలవు. ఆ యేండ్లలో భూమి కోలుపోయినవాడు చట్టము దృష్టిలో రైతే కాకపోయెను. ఏలయన, అమ్ముకొన హక్కుగల భూమియో, జమీందారు క్రింద రైతు హక్కో కలవాడే యందు రైతుగా నిర్వచింపబడెను. కౌలుదారులలో ననేకులును, పాలేర్లును, దినకూలీలును దాని నీడకు రాలేదు. మన విద్యాలయములో చదివినవారిలో పలువురి తాతలు అట్టి కూలీలే. అమెరికాలోను ఇట్లే జరిగినది: ప్రత్తి దున్నినందుకు వచ్చిన సొమ్ము తరచు భూస్వామి చేతికే పోయెను, పంటలో పాలు పుచ్చుకొని దున్నెడు బీదలు, వారిలో నల్లవారు మిక్కిలి మంది, చేను తగ్గినందున గుడిసెలు విడిచిపోవలసి వచ్చెను.

చట్టము వచ్చిన పిదప షావుకార్లు క్రొత్త అప్పులిచ్చుటకు వెనుకాడిరి. 1929లోనే స్థాపింపబడిన మద్రాసు కేంద్ర భూమి తనఖా బ్యాంకు దీర్ఘకాలపు ఋణము లిచ్చుచుండెను గాని, తనఖా పెట్టుటకు భూమి కలవారికే అదియు నుపయోగము. పిమ్మట యుద్ధము వచ్చి ధరలు పెరిగెను. 1946లో నారాయణస్వామి నాయుడు మద్రాసు ప్రభుత్వమునకు సమర్పించిన నివేదికలో, పెద్ద రైతుల ఋణభారము తగ్గెననియు, కౌలుదార్లకును కూలీలకును పెరిగెననియు తేలెను.

మన విద్యార్థులలో నెవరి యింటనైన పాత పెట్టెలో ప్రోనోటులుండిన, వానిని పారవేయక ముందు రెండు సంగతులు చూడుడు: మొగమున వ్రాసిన తేదీ 1932 అక్టోబరు 1వ తేదీకి ముందుదో వెనుకదో, వెనుక వైపున ఎన్ని చెల్లులు పడినవో. పైన చెప్పిన లెక్కతో ఆ యింటివారికి ఎంత తగ్గవలసియుండెనో మీరే కట్టి చూచుకొనవచ్చును.